ఒకరి బదులు ఒకరు

“తాడు కట్టి ఉండిందా, లేదా?” సుష్మ మూడోసారి అడిగింది.

సందీప్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని చేతిలోని కాఫీ గ్లాసు వైపే చూస్తున్నాడు. కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది. పన్నెండు రోజులుగా అతను ఆ గది దాటి వచ్చింది రెండే సార్లు. మొదటిసారి పోలీసులు పిలిచినప్పుడు, రెండోసారి నిన్న మధ్యాహ్నం హాల్లో కూర్చుని ఒక కాగితం మీద సంతకం పెట్టడానికి.

ఆ కాగితం తెచ్చినవాడు సురేష్. నానక్‌రామ్‌గూడలో సందీప్ పనిచేసే టవర్‌కు కాపలా మనుషుల్ని పంపే ఏజెన్సీలో మేనేజర్. సంతకం పెట్టమని పక్కన కూర్చుని చెప్పింది సందీప్ తండ్రి. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. వర్షం పడిన ఆ సాయంత్రం సెల్లార్‌లోకి దిగే దారి దగ్గర తాడు గానీ మనిషి గానీ లేరు. వద్దనేవారు లేరు కాబట్టి కారు కోసం దిగాను. నీళ్లు రావడంతో నా అంతట నేనే మెట్ల మీదుగా పైకి వచ్చాను. కాపలాదారు ఎల్లేశాన్ని నేను చూడలేదు.

సుష్మ నిన్న ఆఫీసులో ఉంది. సంతకం సంగతి ఆమెకు ఈ శనివారం పొద్దునే తెలిసింది, అదీ అత్త నోరు జారడం వల్ల. వంటింట్లో పప్పు కడుగుతూ లక్ష్మీదేవి, ఆ తాడు ఎత్తకుండా ఉంటే సరిపోయేది కదా అని తనలో తాను అనుకున్నట్టు అంది. పక్కనే ఉల్లిపాయలు కోస్తున్న సుష్మ కత్తి కింద పెట్టి, ఏ తాడు అత్తా అని అడిగింది. లక్ష్మీదేవి పప్పు కడగడం మాత్రం ఆపలేదు. నాలుగుసార్లు కడిగిన పప్పునే మళ్లీ కడిగింది.

“ఉండింది,” అన్నాడు సందీప్ చివరికి.

“ఎల్లేశం?”

“ఉన్నాడు. వద్దన్నాడు.”

సుష్మ మంచం అంచున కూర్చుంది. కిటికీ బయట నార్సింగి వైపు కొత్తగా లేస్తున్న టవర్లు, వాటి మీద క్రేన్లు. పద్నాలుగో అంతస్తులో వాళ్ల ఇల్లు. అంత ఎత్తులో కిటికీ పూర్తిగా తెరుచుకోకుండా బిల్డరే అడ్డుకమ్మీ పెట్టాడు. ఆ గదిలో గాలి ఎప్పుడూ నిన్నటిదే.

హాల్లోంచి మామ గొంతు వినిపించింది. “సుష్మమ్మా, ఇంగ చాలు. వానికి తినేకి ఏమన్నా పెట్టు.”

ఆమె లేవలేదు. మొదటి నుంచీ చెప్పమంది. సందీప్ చెప్పాడు.

ఆ మంగళవారం అతను తండ్రి నారాయణప్పను కంటి ఆపరేషన్ తర్వాతి పరీక్షకు తీసుకెళ్లాడు. తిరిగి వస్తూ, పది నిమిషాల పని ఉందని ఆఫీసు దగ్గర ఆగాడు. పది నిమిషాలు గంటన్నర అయింది. ఈలోగా వాన పట్టుకుంది. కరెంటు పోయింది, కెమెరాలు ఆగిపోయాయి. కిందికి వచ్చేసరికి సెల్లార్ దారికి అడ్డంగా పసుపు తాడు కట్టి ఉంది. దాని ముందు రెయిన్‌కోటులో ఎల్లేశం నిలబడి వచ్చినవాళ్లందరినీ వెనక్కి పంపుతున్నాడు. మూడో సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లున్నాయని, ఎవరూ దిగవద్దని చెప్పాడు. సందీప్ కారు అక్కడే ఉంది. కొని నలభై రోజులైంది.

“సారూ, కారు పోతే ఇంకోటొస్తది. జర ఆగుండ్రి,” అన్నాడు ఎల్లేశం.

సందీప్ తాడు పైకెత్తి కిందుగా దూరి పరుగెత్తాడు. పోర్టికో కింద నిలబడి నారాయణప్ప అంతా చూశాడు.

కారు తలుపు తీసి లోపల కూర్చున్నాడో లేదో పెద్ద చప్పుడైంది. పక్క స్థలంలో పునాదికి తవ్విన గుంత నిండి గోడ కూలింది. నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. కారు కదిలింది, తలుపు రాలేదు. చీకట్లో టార్చిలైటు ఒకటి ఈదుతున్నట్టు దగ్గరికొచ్చింది. ఎల్లేశం అద్దం పగలగొట్టి, మెడ పట్టి అతన్ని బయటికి లాగాడు. ఇద్దరూ గోడ పట్టుకుని మెట్ల తలుపు దాకా వెళ్లారు. ఆ తలుపు పార్కింగ్ వైపుకే తెరుచుకుంటుంది, నీళ్లు దాన్ని మూసేస్తున్నాయి. ఎల్లేశం గోడకు కాలు తన్ని పెట్టి, రెండు చేతులతో తలుపు లాగి పట్టుకున్నాడు. జానెడు సందు వచ్చింది. ఆ సందులోంచి సందీప్ జారి అవతల పడ్డాడు. తలుపు మూసుకుంది.

“తర్వాత?” అంది సుష్మ.

సందీప్ తలుపు తోశాడు. కదలలేదు. అవతలి నుంచి కొట్టిన చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు, మూడు. మెట్ల మీద కూడా నీళ్లు నడుము దాకా వచ్చాయి. అతను పైకి పరుగెత్తాడు.

ఇంతవరకూ ఈ చివరి మాట అతను తండ్రికి కూడా చెప్పలేదు. గుమ్మం దగ్గర నారాయణప్ప ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఇద్దరూ చూడలేదు. ఆయన కుడి కంటి మీద ఇంకా నల్ల అద్దం ఉంది.

సుష్మ అతని చేతిలోంచి చల్లారిన గ్లాసు తీసుకుని కింద పెట్టింది. తర్వాత, ఈ రోజు ఖాజాగూడలో ఎల్లేశం ఇంట్లో ఆదరణ కూడిక, అంటే పోయిన మనిషి ఇంటివాళ్ల కోసం చేసే ప్రార్థన, ఉందని, టవర్‌లో పనిచేసే ఆయమ్మ నిన్న చెప్పిందని, పదకొండింటికి అని చెప్పింది. మనం వెళ్తున్నామా అని అడగలేదు. స్నానం చేసి రా అంది.

గొడవ అప్పుడు మొదలైంది.

నారాయణప్ప గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అనంతపురం జిల్లాలో ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేసి, కోడి కూతకు లేచి పాఠం సిద్ధం చేసుకున్న మనిషి. ఆ రోజు కూడా పాఠం చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాడు. ఆ కాగితం ఠాణాకు చేరిపోయింది. ఇప్పుడు మాట మారిస్తే రెండు కేసులు. వద్దన్నా దిగి ఒక మనిషి చావుకు కారణమయ్యావని ఒకటి, పోలీసులకు అబద్ధం చెప్పావని ఇంకొకటి. ఉద్యోగం పోతుంది. జైలుకు కూడా పోవచ్చు. పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాడు.

“ఆయన తాగి సెల్లార్‌లో పడుకుని మునిగిపోయాడని ఏజెన్సీ వాళ్లు పరిహారం ఎగ్గొట్టడానికి రాసుకున్నారు మామా,” అంది సుష్మ. “వాళ్ల పేటంతా అదే చెప్పుకుంటున్నారంట. ఆ అబద్ధం కింద మన సంతకం ఉంది.”

లక్ష్మీదేవి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ఏడవలేదు. కొడుకు జాతకంలో ఈ ఏడు గండం ఉందని పోయిన ఉగాదికే అయ్యవారు చెప్పారని, ఆ గండం ఎల్లేశం మీదుగా పోయిందని, దేవుడే ఆయన్ను అడ్డం పెట్టాడని అంది. ఆయన పేరున ప్రతి ఏటా పదిమందికి అన్నం పెడతానని మొక్కుకుంది. “ఆయప్ప నా పాలిటి దేవుడే సుష్మా. కాదంటానా. కానీ దేవుడు బతికించిన బిడ్డను నేనే తీసుకపోయి బోనులో నిలబెట్టమంటావా?”

అత్త మాటలో కపటం లేదని సుష్మకు తెలుసు.

సుష్మ పదో తరగతి దాకా కడపలో మిషన్ హాస్టల్లో చదివింది. వాళ్లది వేంకటేశ్వరస్వామిని కొలిచే ఇల్లే అయినా, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటలు నేల మీద కూర్చుని సిలువ గురించి విన్న ఏళ్లు ఆరు. అందరి పాపానికీ పాపం లేని ఒకాయన శిక్ష మోశాడని చెబుతుంటే ఎనిమిదో తరగతి సుష్మ లేచి, నేను చేసినదానికి ఇంకొకరు ఎందుకు చావాలి, అది అన్యాయం కదా అని అడిగింది. వార్డెన్ టీచర్ కోప్పడలేదు. నువ్వు సరిచెయ్యలేని తప్పు చేసిన రోజున ఈ ప్రశ్న మళ్లీ అడుగు, అప్పుడు నీకే తెలుస్తుంది అంది. ఆ రోజు ఇలా, తన భర్త రూపంలో వస్తుందని సుష్మ అనుకోలేదు.

సందీప్ లేచి స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు వినిపించింది, వెంటనే ఆగిపోయింది. పన్నెండు రోజులుగా అతను షవర్ కింద నిలబడలేకపోతున్నాడు. చెంబుతో ముంచుకుని పోసుకుంటున్నాడు.

బయలుదేరేటప్పుడు తండ్రి ఎదురుగా ఆగాడు. “నాయనా, చెప్పేస్తా,” అన్నాడు.

నారాయణప్ప అతని చొక్కా కాలర్ సరిచేశాడు. “ఆ పొద్దు నేను ‘వద్దురా’ అని ఒక్క మాట అనుంటే ఆగేవానివి,” అన్నాడు. “నాకు గూడా కారు తడుస్తాదనే ఉండింది.” లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఖాజాగూడ చెరువు దాటాక ఆటో ఒక సందు ముందు ఆగింది. వెనక పెద్ద పెద్ద రాతిగుండ్లు, వాటి వెనక అద్దాల భవనాలు. ఆ మధ్యలో మిగిలిన రేకుల ఇళ్లలో ఒకటి ఎల్లేశం కిరాయికి ఉన్న ఇల్లు. ముందు టెంటు వేసి పాతిక కుర్చీలు వేశారు. సగమే నిండాయి. చర్చి సంఘంలో కొందరు రాలేదని, తాగి పోయినవాడికి కూడికేంటని అన్నారని తర్వాత తెలిసింది.

పాస్టరు సన్నటి మనిషి, మైకు లేకుండానే మాట్లాడుతున్నాడు. ఎల్లేశం ఎలా పోయాడన్న జోలికి ఆయన వెళ్లలేదు. సిలువ గురించే చెప్పాడు. మనిషి తన మురికిని తన చేతులతో కడుక్కోలేడని, చేతులే మురికైనప్పుడు దేనితో కడుగుతాడని అడిగాడు. దేవుడే మనిషై వచ్చి మన శిక్షను తన మీద వేసుకున్నాడని, మూడో రోజు లేచాడని, ఆ మరణం నీ స్థానంలో జరిగిందని నమ్మి ఒప్పుకుంటే రక్షణ ఊరికే దొరుకుతుందని చెప్పాడు. ఊరికే అన్న మాట ఆయన రెండుసార్లు అన్నాడు.

నీ స్థానంలో అన్న దగ్గర సందీప్ తల దించుకున్నాడు. చివరి వరుసలో కూర్చున్నాడు, ఎవరూ అతని వైపు చూడటం లేదు. అయినా ఆ మాట వేలు పెట్టి చూపించినట్టే ఉంది. లేచి వెళ్లిపోదామనుకున్నాడు. ఇరుకు సందు నిండా కుర్చీలు. లేస్తే కుర్చీలు జరిపిన చప్పుడుకు అందరూ తిరిగి చూస్తారు.

కూడిక అయ్యాక టీలు ఇస్తుండగా సుష్మ వెళ్లి ఎల్లేశం భార్యతో ఏదో చెప్పింది. సక్కుబాయి వాళ్లను లోపలికి పిలిచింది. నలభై దాటిన మనిషి, నానక్‌రామ్‌గూడలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. గదిలో ఆమె కూతురు రమ్య ఉంది, నర్సింగ్ రెండో ఏడు. గోడకు ఎల్లేశం ఫొటో, యూనిఫాంలో.

“కూసోండ్రి సారూ. మీరు మా ఆయన టవర్ల పని చేస్తరంట,” అంది సక్కుబాయి.

సందీప్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఇంట్లో చెప్పినదానికంటే తక్కువ మాటల్లో, దేన్నీ వదలకుండా చెప్పాడు. తాడు, ఎల్లేశం వద్దనడం, కారు, అద్దం పగలగొట్టడం, తలుపు, మూడుసార్లు కొట్టిన చప్పుడు, తాను పరుగెత్తడం. నిన్న పెట్టిన సంతకం.

బయట ఎవరో కుర్చీలు మడుస్తున్నారు.

“నాయిన తలుపు కొడుతుంటే ఇడిచిపెట్టి పోయిండు అమ్మా,” అంది రమ్య. గొంతు పెంచలేదు. “వినుకుంట పోయిండు.” ఆమె సందీప్‌ను తాకకుండా పక్క నుంచి తప్పుకుని బయటికి వెళ్లిపోయింది.

సక్కుబాయి కూతురి వెనక వెళ్లలేదు. “ఆఖరుకు ఆయన ఏమన్నడు?” అని అడిగింది.

“‘నువ్వు నడువు సారూ, నేనొస్త’ అన్నాడు.”

ఆమె కళ్లు మూసుకుంది. “గది ఆయన మాటే. డ్యూటీకి పోతుంటే నేను వెనుకబడితే గూడ గట్లనే అంటుండె.”

సుష్మ ఏడుస్తోంది. సక్కుబాయి ఏడవలేదు. కింద చాప మీద కూర్చుని నెమ్మదిగా మాట్లాడింది. పెళ్లైన కొత్తలో ఎల్లేశం బాగా తాగేవాడని, ఒకసారి తనను కొట్టి దవాఖానలో వేశాడని దాచకుండా చెప్పింది. బాప్తిస్మం తీసుకుని పన్నెండేళ్లయింది. ఆ పన్నెండేళ్లలో చుక్క ముట్టలేదు.

“మాకు జాగ లేదు, ఇల్లు లేదు సారూ. ఆయన సంపాయించింది ఒక్కటే, సాక్ష్యం. సంఘంల నిలవడి, నేను గిట్లుంటి, ప్రభువు నన్ను గిట్ల చేసిండు అని చెప్తుండె. దాన్ని మీరు నాలుగు మాటలల్ల తీసేసిన్రు.”

సందీప్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన తన కోసం ప్రాణం ఇచ్చాడని, దీన్ని ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదని, ఆమె ఏ శిక్ష వేసినా సరేనని అన్నాడు. మాటలు తడబడ్డాయి.

“నన్ను జడ్జిని చెయ్యకు,” అంది సక్కుబాయి. అంతసేపూ ‘మీరు’ అన్న మనిషి ‘నువ్వు’లోకి దిగింది. “తీర్చుకునుడు అంటవేంది? యేసయ్య నా కోసం పాణం పెట్టిండని నేను నమ్ముత. అంటే నేను ఆయనకు బాకీ ఉన్న అని కాదు బిడ్డా. ఇగ దేన్నీ దాసుకునే పని లేదు అని. గందుకే ఒప్పుకోగలుగుతం.”

ఆమె ఆగి ఫొటో వైపు చూసింది.

“మా ఆయన యేసయ్య కాదు. నీ పాపం మోసేటంత బలం ఆయనకు లేదు. ఉత్త మనిషి. నీ పాణం కాపాడిండు, అంతవరకే. నీ తప్పు నీ తానే ఉన్నది. ఆయన ఎంబడి పోలే.”

సందీప్ అడగలేనిది సుష్మే అడిగింది, ఈయన్ని మీరు క్షమించగలరా అమ్మా అని.

సక్కుబాయి చాప అంచు నుంచి ఒక పుల్ల పీకి వేలికి చుట్టుకుంది. “చెయ్యమని మాకు ఆజ్ఞ ఉన్నది. చేస్త,” అంది. “గని ఇయ్యాల కాదు. ఇయ్యాల నాతోని అయితలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలె.”

తర్వాత లేచి చెప్పులు వేసుకుంది. ఠాణాకు ఇప్పుడే పోదామంది. తాను కూడా వస్తానంది. దారిలో అతను వెనక్కి తిరిగిపోకుండా చూసుకోవాలి కదా అంది. ఆ మాటలో వెటకారం లేదు. గుమ్మం దగ్గర రమ్యను ఇల్లు చూసుకోమని చెప్పి ముందు నడిచింది.

షేర్ ఆటోలో ముగ్గురూ ఒకే సీటులో కూర్చున్నారు. ఆఫీసు కార్డులు మెడలో వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు ఎదురుగా కూర్చుని శనివారం కూడా పనేమిటని విసుక్కుంటున్నారు. సందీప్ మోకాళ్లు వాళ్ల మోకాళ్లకు తగులుతున్నాయి. పక్కన సక్కుబాయి భుజం. జరగడానికి చోటు లేదు. ఇంకో పావుగంటలో అంతా చెప్పేస్తానన్న ధైర్యం ఒక పక్క, దిగిపోయి ఈ జనంలో కలిసిపోవాలన్న ఆశ ఇంకో పక్క. సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. ఎల్లేశానికి తాడు దగ్గరే ఆగిపోయే వీలుండింది, ఎవరూ ఆయన్ను తప్పుపట్టేవారు కాదు అని అతనికి మొదటిసారి తట్టింది. ఆ సంగతి తట్టాక దిగిపోవాలన్న ఆశ కొంచెం సిగ్గుపడింది. కానీ పోలేదు.

ఠాణా వరండాలో బెంచీ మీద లక్ష్మీదేవి కూర్చుని ఉంది.

సందీప్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె ఒడిలో గుడ్డ సంచి. సంచి నోరు పూర్తిగా కట్టలేదు. లోపల మడిచిన పంచె, తువ్వాలు, బీపీ మాత్రలు, కంట్లో వేసుకునే చుక్కల మందు కనిపిస్తున్నాయి.

“అమ్మా, నాయన ఏడి?”

ఆమె లేచి అతని మణికట్టు పట్టుకుంది.

లోపలి గదిలో ఎస్సై రాసుకుంటున్నాడు. ఆయన ఎదురుగా కుర్చీలో నారాయణప్ప, నల్ల అద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎర్రబడిన కన్ను ఆర్పకుండా, ఒక్కో వాక్యం ఎస్సై రాసేదాకా ఆగి, డిక్టేషన్ చెప్పినట్టు చెబుతున్నాడు.

“తాడు ఎత్తింది నేను సార్. ఆ ఎల్లేశం వద్దు వద్దన్నాడు. నేనే నా కొడుకును కారు తెమ్మని తరిమినా. వాడు పోనంటే తిట్టినా. వాణ్ణి తెచ్చేకే ఆయప్ప నీళ్లలోకి దిగినాడు. తాగి లేడు. నిద్ర పోలేదు. నిన్న వాని చేత అబద్ధం కాగితం మీద సంతకం చేయించింది గూడా నేనే.”

తండ్రి చెప్పిన దాంట్లో తాడు ఎత్తిన చెయ్యి, తరిమిన మాట తప్ప మిగతాదంతా నిజమే. ఎల్లేశం పేరు నిలబడుతుంది. సక్కుబాయికి కావలసింది దొరుకుతుంది. తాను ఇంటికి పోవచ్చు. తండ్రి ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్న గంటన్నరలో ఇదంతా కూడబెట్టుకున్నాడు.

“నోరు తెరవద్దు నాయనా,” అంది లక్ష్మీదేవి చెవి దగ్గర. ఆమె పట్టు బిగిసింది. “ఆయన ఆలోచించే వచ్చినాడు.”

ఎస్సై తలెత్తి సక్కుబాయిని గుర్తుపట్టాడు. పన్నెండు రోజుల్లో ఆమె నాలుగుసార్లు వచ్చి ఆ గుమ్మం బయటే నిలబడి పోయింది. “వచ్చినవా అమ్మా. విన్నవు కద. మీ ఆయన తప్పేం లేదని రాస్తున్న. ఇగ నువ్వు పరేషాన్ కావద్దు,” అన్నాడు.

సక్కుబాయి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆ మాట వినడానికే ఆమె ఇన్ని రోజులూ తిరిగింది. బల్ల అంచు పట్టుకుని ముసలాయన ఎర్రకన్ను వైపు చాలాసేపు చూసింది.

“పెద్దయ్యా, తాడు నువ్వే ఎత్తినవా?”

“నేనేనమ్మా.”

“నీ కొడుకు ఇప్పుడే నా ఇంట్ల వేరే తీరు చెప్పిండు.”

“వాడు దుఃఖంలో ఉండాడు. ఏదో ఒకటి అంటాడు.”

సక్కుబాయి తల అడ్డంగా ఊపింది. “నీకు కొడుకు మీద పాణముంది. నాకు తెలుస్తున్నది,” అంది. “గని నువ్వు లెవ్వు పెద్దయ్యా. ఆ కుర్సీ నీది కాదు.”

నారాయణప్ప లేవలేదు. కుర్చీ చేతులను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. సందీప్ ఒక అడుగు ముందుకు వేశాడు. తల్లి చెయ్యి అతని మణికట్టును వదల్లేదు, ఆమె కూడా అతనితో పాటే ఒక అడుగు లోపలికి వచ్చింది. సుష్మ వెనక నుంచి అత్త భుజం మీద చెయ్యి వేసింది, లాగడానికో ఓదార్చడానికో ఆమెకే తెలియలేదు.

ఎస్సై కలం పక్కన పెట్టి అందరి మొహాలూ చూశాడు. మళ్లీ తీసుకున్నాడు.

“ఇగ చెప్పుండ్రి. పేరు ఎవరిది రాయాలె?”

“నాది,” అన్నాడు నారాయణప్ప, కొడుకు నోరు తెరిచేలోపే.